చివరి మాట ఊరిది

కాపురానికి వచ్చిన కొత్తల్లో నాకు అన్నీ బాగుండేవి. తెల్లవారకముందే బావి గిలక కిర్రుమనడం బాగుండేది. మావారు పొలం నుంచి వస్తూ వీధి మలుపులోనే సైకిలు బెల్లు కొట్టి, తను కొట్టనట్టు ముఖం పెట్టుకుని రావడం బాగుండేది. అత్తయ్యగారు నన్ను కోప్పడబోయి, కొత్తకోడలినని గుర్తొచ్చి, ఆ కోపాన్ని గేదె మీదికి మళ్ళించడం మరీ బాగుండేది. హాస్టల్లో ఉండి బి.ఏ. చదివిన పిల్ల పసుపు రైతు ఇంట్లో ఏం ఇముడుతుందని మా బాపట్ల బంధువులు గుసగుసలాడారట. ఇమడటం సంగతి దేవుడెరుగు, నాకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

ఆ ఇంట్లో ఇప్పుడు మామయ్యగారు లేరు. ఆషాఢంలో, ఆచారం ప్రకారం నేను పుట్టింట్లో ఉండగా వెళ్ళిపోయారు. ఈ ఏడు మాకు పండగలు లేవు. పంచలో ఆయన మంచం ఉండే చోట అత్తయ్యగారు చాప కూడా పరవనివ్వరు. అయినా ఆ వేసవి గుర్తొస్తే నాకు ముందు నవ్వే వస్తుంది. వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే అత్తయ్యగారు చూసి, ఎందుకని అడగరు. ఆమెకి తెలుసు.

మా పెళ్ళి అరవై ఎనిమిది ఫాల్గుణంలో జరిగింది. ఉగాది వెళ్ళగానే ఒక ట్రంకు పెట్టె, ఒక శ్రుతిపెట్టె పట్టుకుని వచ్చాను. నందివెలుగు దాటి కాలవ గట్టు వెంబడి కొంచెం దూరం పోతే మా అత్తగారి ఊరు. ఆ ఊరికి రెండే పేర్లున్నాయి. ఒకటి పసుపుకి, రెండోది కూతకి.

కూత అంటే నాకూ తెలియదు. మావారే చెప్పారు. చెడుగుడులో ఆటగాడు గీత దాటి అవతలి బరిలోకి అడుగుపెట్టిన దగ్గర్నుంచి తిరిగి గీత ముట్టుకునేదాకా, ఊపిరి తీసుకోకుండా ఏదో ఒకటి పైకి అంటూనే ఉండాలి. అదే కూత. కూత తెగితే ఆటగాడు ఔటు. మిగతా ఊళ్ళవాళ్ళు 'చెడుగుడు చెడుగుడు' అని ఊరుకుంటే, మా ఊరివాళ్ళు పాటే పాడేవాళ్ళు. ఆ పాటలు కట్టింది మామయ్యగారు వెంకటప్పయ్యగారు. వయసులో ఉన్నప్పుడు ఆయనే కట్టి ఆయనే కూతకి వెళ్ళేవారు. ఆడటం మానేశాక కూడా ప్రతి వేసవికీ ఒక కొత్త పాట కట్టి జట్టుకి ఇచ్చేవారు. 

*చెడుగుడు చెడుగుడు చేనికి వస్తా*
*గట్టుల మీదుగ గంతులు వేస్తా*
*పండిన పసుపును తవ్వుక పోతా*
*పట్టిన వాడిని ఈడ్చుక పోతా*

ఇందులో ఒక కిటుకు ఉంది. పాదం చివరి మాట ఆటగాడు అనడు. పెదాలు బిగించి 'మ్మ్' అని ఊపిరి నిలిపి ఉంచుతాడు. ఆ మాట బరి చుట్టూ నిలబడ్డ జనం అంటారు. 'వస్తా' అని, 'పోతా' అని ఊరు ఊరంతా ఒక్క గొంతుతో అనేసరికి అవతలివాళ్ళకి కాళ్ళు తడబడేవట. మనవాడికి ఆ ఒక్క క్షణం దమ్ము కలిసి వచ్చేది. పాట ఆటగాడిది, చివరి మాట ఊరిది అనేవారు మామయ్యగారు. ఆ ఊళ్ళో మగపిల్లలు అక్షరాలకంటే ముందు అది నేర్చుకుంటారు. మావారైతే నిద్రలో కూడా ఎవరైనా పాదం ఎత్తుకుంటే చివర 'మ్మ్' అంటారు. నేను పరీక్ష చేసి చూశాను.

నేను వచ్చేనాటికే మామయ్యగారికి ఊపిరి అందడం లేదు. పంచలో నులకమంచం మీద దిండ్లకి ఆనుకుని కూచునేవారు. మాట మధ్యలో ఆగి, గాలి తీసుకుని, మళ్ళీ అందుకునేవారు. ఒకనాడు సాయంత్రం నేను లోపల శ్రుతిపెట్టె ముందు పెట్టుకుని చిన్నగా పాడుకుంటుంటే పిలిచి, ఆ పెట్టె ఇలా తెమ్మన్నారు. తిత్తి లాగి, వదిలి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు.

"దీనికి దమ్ము పోదా అమ్మాయ్?"

"ఆడించినంతసేపూ పోదండి మామయ్యగారూ."

"మంచి ఆటగాడే. మా వాడికి పెళ్ళాంతోపాటు దీన్ని కూడా ఇచ్చారన్నమాట మీ వాళ్ళు."

ఆ వారంలోనే మావారు ఆయన్ని తెనాలి డాక్టరుకి చూపించారు. నేనూ వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు మామయ్యగారిని, అత్తయ్యగారిని బండిలో ముందు పంపించి, మేమిద్దరం సైకిలు మీద బయలుదేరాం. పెళ్ళయ్యాక అది నా మొదటి తెనాలి షికారు. గోలీసోడా తాగాం. సంపెంగలు కొనిపించుకున్నాను. వెనక కూచుని ఏదో పాడుతూనే ఉన్నాను. కాలవ గట్టు ఎక్కాక మావారు సైకిలు దిగి నడిపించడం మొదలుపెట్టారు. డాక్టరు చెప్పింది అప్పుడు చెప్పారు. ఊపిరితిత్తులు సగం గట్టిపడిపోయాయట. గట్టిగా మాట్లాడనివ్వొద్దన్నాడట. వచ్చే వేసవి మాట ఇప్పుడే ఎత్తుకోవద్దన్నాడట.

మావారు సైకిలు తోసుకుంటూ నడుస్తూనే ఉన్నారు. ఊరు కనబడే చోట ఆగి, "ఈ ఏడు ఒక్కసారి బరి పక్కన కూచుని నా ఆట చూస్తే చాలు హైమా. ఇంకేం వద్దు నాకు" అన్నారు. నా చేతిలో సంపెంగలు నలిగిపోయాయని అప్పుడు చూసుకున్నాను.

చైత్రం చివర పున్నయ్యగారు కబురు తెచ్చారు. పున్నయ్యగారు మా జట్టు పెద్ద, మామయ్యగారిని బాబాయ్ అని పిలిచే మనిషి. జ్యేష్ఠంలో తెనాలిలో పోటీలట. జిల్లా జట్టుకి మనుషుల్ని అక్కడే ఎంచుకుంటారట. అందుకని దేశమంతటా ఆడే పద్ధతిలోనే ఆడిస్తారట. ఇదంతా సంతోషంగానే చెప్పి, చివర్న తల గోక్కుంటూ నిలబడ్డారు. ఆ పద్ధతిలో పాటలు కుదరవు. కూతకి ఒకే మాట. అది తప్ప ఇంకేది అన్నా, నోరు మూసినా, రిఫరీ ఈల వేస్తాడు.

"ఏంటా మాట?" అన్నారు మామయ్యగారు.

"కబడ్డీ అండి బాబాయ్."

"ఇంకోసారి అను."

"కబడ్డీ."

"అదేం మాటరా. గొంతులో ముద్ద అడ్డంపడ్డట్టుంది."

పున్నయ్యగారు నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయారు. మామయ్యగారు కాసేపు గాలి తీసుకుని, ఒక్కో మాటా విడదీసి చెప్పారు. ఆ మాట తన నోట రాదు. ఆ మాట అనే బరి పక్కన తను కూచోడు. ఆడేవాళ్ళు వెళ్ళి ఆడుకోవచ్చు. గుమ్మంలో నిలబడి ఉన్న మావారు, తను ఆడతానన్నారు. ఊరి జట్టులో కూతకి వెళ్ళేది మావారే. తను మానేస్తే జట్టే లేదు. మామయ్యగారు గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆ రోజు నుంచి తండ్రీకొడుకులకి మాటలు లేవు. ఉన్న మాటలన్నీ నా మీదుగా పోయేవి. బాపట్లలో పోస్టాఫీసు మా ఇంటి పక్కనే ఉండేది కానీ, నేనే పోస్టాఫీసునవుతానని అనుకోలేదు. కొడుకు ఎదురుగా నిలబడే ఉండేవారు. "అమ్మాయ్, పసుపు దుగ్గిరాల ఎప్పుడు తోలతాడో మీ ఆయన్ని కనుక్కో" అనేవారు మామయ్యగారు. "రేపు తోలతానని చెప్పు" అనేవారు మావారు, నావైపు చూస్తూ. నేను "రేపు తోలతారటండి" అనేదాన్ని. ఎడ్లకి కుడితి పెట్టాడేమో అడగమని మళ్ళీ నాకే. మొగుడి పేరు చెప్పకూడదు, మామగారి ముందు గట్టిగా మాట్లాడకూడదు, నవ్వు అసలు రాకూడదు. నాకు మూడోదే కష్టంగా ఉండేది. అత్తయ్యగారు చాటలో బియ్యం చెరుగుతూ, ఇద్దరికీ చెవుడు రాలేదు, పొగరు వచ్చిందని గేదెతో చెప్పేవారు.

కానీ లోలోపల ఎవరికీ నవ్వు లేదు. మామయ్యగారు ఆ వేసవికి కొత్త పాట కట్టలేదు. మధ్యాహ్నం వేళ మంచం పట్టె మీద వేళ్ళతో తాళం మొదలుపెట్టి, ఠక్కున ఆపేసేవారు. ఆయాసం ఎక్కువైంది. మావారు అన్నం ముందు కూచుని పంచవైపే చూసేవారు. ఆ దగ్గు విన్నప్పుడల్లా కంచంలో చెయ్యి ఆగిపోయేది. జ్యేష్ఠం దగ్గర పడుతోంది. ఈ ఏడు తప్పితే మరో ఏడు లేదని ఇంట్లో ముగ్గురికి తెలుసు. నాలుగోవారికి కూడా తెలుసేమో.

ఆట కూడా సరిగా సాగడం లేదు. పసుపు తవ్వేసిన చేలో సాయంత్రాలు జట్టు ఆడుతుంటే నేను దొడ్డి గోడ మీంచి చూసేదాన్ని. మావారు, పాట పాడుతూ చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పోయి రాగల మనిషి, 'కబడ్డీ' అంటూ సగం దూరం పోగానే ఎగపోసేవారు. సామ్యేలని, పట్టు పడితే వదలని మనిషి ఒకడున్నాడు మా జట్టులో. అతనే ఒకరోజు ఆట ఆపి, మావారితో "ఏంటి బసవన్నా, పెళ్ళయితే దమ్ము ఇంత పోతదని తెలిస్తే నేను చేసుకోకపోదును" అన్నాడు. అందరూ నవ్వారు. గోడ వెనక నేను కిందికి కూచుండిపోయాను.

ఆ రాత్రి భోజనాల ముందు బావి దగ్గర నీళ్ళు తోడి పోస్తుంటే మావారు చెప్పారు. ఆ 'డ్డ' దగ్గరే వస్తోందట చిక్కు. నడుస్తూ నడుస్తూ గుంటలో కాలు పడ్డట్టు, ప్రతిసారీ అక్కడ కాస్త ఊపిరి ఒలికిపోతోందట. 'చెడుగుడు'లో అన్నీ పొట్టి అక్షరాలు, కాలవలో నీళ్ళలాగా పోతాయి. ఇది అలా పోదు.

మర్నాడు పొద్దున నేను వంటింటి గుమ్మంలో కూచుని మజ్జిగ చిలుకుతున్నాను. దొడ్లో మావారు పళ్ళు తోముకుంటూ మధ్య మధ్య ఆ మాట అంటున్నారు. నా చెవి అటే ఉంది. క-బడ్-డీ. ఒక లఘువు, రెండు గురువులు. చదివిన చదువు ఎక్కడికి పోతుంది, య గణం అనుకున్నాను. ఇంకోసారి అన్నారు. ఇంకో య గణం. నాలుగుసార్లు వరసగా అనేసరికి నా చేతిలో కవ్వం ఆగిపోయింది. నాలుగు య గణాలు వరసగా వస్తే భుజంగప్రయాతం. పరీక్షలో లక్షణం రాసి మర్చిపోయిన వృత్తం, మా దొడ్లో వేపపుల్ల నములుతూ తిరుగుతోంది.

నాకు పట్టరాని సంతోషం వచ్చింది. కవ్వం తాడు లాగుతూ ఆ నడకలో నోటికొచ్చింది అల్లేసి, రాగం తగిలించి గొంతెత్తి పాడేశాను.

*మొగుణ్ణే పొగుడ్తే ఎదో సిగ్గు సిగ్గూ...*

పంచలోంచి దగ్గు వినబడింది. నా ప్రాణం పోయింది. మామయ్యగారు మెలకువగా ఉన్నారని నాకు తెలియదు.

"అమ్మాయ్."

వెళ్ళి స్తంభం చాటున నిలబడ్డాను.

"పొగడ్తలు నాకు అక్కర్లేదులే. ఆ నడక ఏంటి? మాటలొద్దు. నడక వినిపించు."

మంచం పట్టె మీద వేళ్ళతో కొట్టి చూపించాను. ఒకటి చిన్నది, రెండు పెద్దవి. ఒకటి చిన్నది, రెండు పెద్దవి. ఆయన కళ్ళు మూసుకున్నారు. పేరేమిటని అడిగారు. చెప్పాను. పాము నడక అని అర్థమండీ అన్నాను.

"పాము ఎట్లా పోతుందో మీ కాలేజీలో చూపించారా?"

"లేదండి."

"నేను చూశాను. వంపు దగ్గర ఆగినట్టు కనపడుతుంది. ఆగదు. అక్కడ బరువు ఆనించి, దాంతోనే ముందుకు జారుతుంది." కాసేపు ఊపిరి కూడదీసుకుని, "పాట నీదేనా?" అన్నారు.

దాచి లాభం లేదనిపించింది. పాట నాదేనండి, నడక మాత్రం నాది కాదు అన్నాను. దొడ్లో మీ అబ్బాయిగారు అంటున్న మాట నాలుగుసార్లు వరసగా అంటే వచ్చే నడక అదేనన్నాను.

వీధిలో పాలవాడు వచ్చి వెళ్ళాడు. ఎండ పంచలోకి ఎక్కింది. నేను వెళ్ళిపోదామని కదలబోతే చెయ్యి ఎత్తి ఆపారు. పట్టె మీద ఆయన వేళ్ళు మెల్లగా కదులుతున్నాయి. చిన్నది, పెద్దది, పెద్దది. ఆ తర్వాత తల తిప్పి, కొడుకుని పిలవమన్నారు.

మావారు నోరు కడుక్కుని, తడి చేతులతో వచ్చి నిలబడ్డారు. ఏం చెప్పమంటారోనని నేను మధ్యలో సిద్ధంగా ఉన్నాను. మామయ్యగారు నావైపు చూడలేదు.

"ఒరే, వంపు దగ్గర ఆగుతున్నావు. ఆగకు. బరువు వెయ్యి, జారు" అన్నారు.

"సరే నాన్నా" అన్నారు మావారు. నా పోస్టాఫీసు ఆ పొద్దున మూతపడింది.

ఆ సాయంత్రం నుంచి మంచం చేలోకి వెళ్ళింది. అటు సామ్యేలు, ఇటు పున్నయ్యగారు మోసుకుపోయేవారు. మామయ్యగారు దాని మీద కూచుని తాళం వేసేవారు. ఆ మాట మాత్రం ఆయన నోట రాలేదు. 'తనన్నా తనన్నా' అనేవారు. గట్టిగా మాట్లాడకూడదు కనక ఒక్కోసారి ఉత్త వేళ్ళే. నాలుగు తనన్నాలు ఒక పాదం, పాదానికి ఒక వంపు, వంపుకి ఒక అడుగు. మావారి కూత రోజురోజుకీ పొడుగవుతూ వచ్చింది. చివరికి మునుపటిలాగే ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పోయి రాసాగారు. అదే మాట, రాగం లేదు, అయినా వింటుంటే పాటలాగే ఉండేది. నేను కూడా దొడ్డి గోడ వదిలి చేను గట్టు దాకా వచ్చేశాను. అత్తయ్యగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఆమె మాత్రం ఎన్నడూ రాలేదు. ఆ ఆట వల్ల ఇంట్లో విరిగిన ఎముకలకి కట్లు కట్టింది తనేననేవారు.

ఒకటే ఇబ్బంది. నాలుగు మాటలకి ఒక పాదమయ్యేసరికి ఊరికి పాత అలవాటు తన్నుకొచ్చింది. చుట్టూ నిలబడ్డవాళ్ళు నాలుగోది అందుకునేవారు. వాళ్ళు అందుకోగానే మావారి పెదాలు వాటంతట అవే బిగుసుకునేవి. మొదటిరోజు అలా జరిగినప్పుడు మామయ్యగారు తాళం ఆపి, అందరినీ దగ్గరికి పిలిపించారు. ఆయన గొంతు గుసగుసలాగే ఉంది, కానీ వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా వంగి విన్నారు.

"ఇది పాత ఆట కాదు. నోరు మూస్తే ఈల. నాలుగోది ఎవడైనా అన్నాడంటే మనవాణ్ణి వాడే పట్టిచ్చినట్టు. పిల్లా పెద్దా అందరికీ చెబుతున్నా."

ఆ తర్వాత ఎవరూ అనలేదు. నాలుగోది వచ్చేసరికి అరచేతులు నోటికి అడ్డం పెట్టుకునేవారు. చేను చుట్టూ అంతమంది నోళ్ళు మూసుకుని నిలబడటం చూస్తే నాకు నవ్వూ వచ్చేది, ఎందుకో దిగులూ వేసేది.

తెనాలికి మామయ్యగారు వచ్చారు. వస్తానని ఆయన అనలేదు, రమ్మని మావారు అడగలేదు. పొద్దున్నే తెల్ల చొక్కా తొడుక్కుని, బండిలో గడ్డి సరిగా పరిచారా లేదా అని చూస్తూ నిలబడ్డారు, అంతే. అత్తయ్యగారు కాచిన నీళ్ళు మరచెంబులో పోసి నా చేతికిచ్చి, గట్టిగా మాట్లాడనివ్వొద్దని రెండుసార్లు చెప్పారు.

మైదానం చుట్టూ జనం. సున్నంతో గీసిన గీతలు, మెడలో ఈలతో రిఫరీ, మైకులో ఎవరో పేర్లు చదవడం. నాకైతే తిరునాళ్ళకి వచ్చినట్టే ఉంది. మామయ్యగారిని బరి పక్కనే ఒక కుర్చీలో కూచోబెట్టారు. పక్కన నేల మీద నేను కూచున్నాను. ఆయన ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు. మొదటి ఆటలో మావారు కూతకి వెళ్ళి, ఒకణ్ణి ముట్టుకుని తిరిగి వచ్చేటప్పుడు, ఇటువైపు ఒక్కసారి చూశారు. మామయ్యగారు తల ఊపారు. కాలవ గట్టు మీద మావారు కోరుకున్నది ఆ తల ఊపడమే. నేను మరచెంబు ఒళ్ళో పెట్టుకుని, ఇక ఓడినా గెలిచినా ఒకటేననుకున్నాను. కానీ ఆటకి ఉన్న మహిమ ఏమిటంటే, అలా అనుకున్న మరుక్షణమే గెలవాలని ఉంటుంది.

సాయంత్రానికి మేమూ రేపల్లె జట్టూ మిగిలాం. రేపల్లెవాళ్ళు పుష్టిగా ఉన్నారు. ఎండ తగ్గింది, గాలి లేదు. పాయింట్లు ఒకరి వెనక ఒకరు పెరుగుతూ పోయి, ఆఖరికి సమానంగా నిలిచాయి. చివరి కూత మాది.

మావారు గీత ముట్టుకుని కళ్ళకద్దుకుని లోపలికి వెళ్ళారు. కబడ్డీ కబడ్డీ కబడ్డీ కబడ్డీ. అంత తొక్కిసలాటలోనూ నాకు అక్షరాలు విడివిడిగా వినబడుతున్నాయి. మా ఊరివాళ్ళందరూ అరచేతులు నోటికి పెట్టుకున్నారు. నేను మావారిని చూడలేకపోయాను. మామయ్యగారినే చూస్తున్నాను. ఆయన మోకాలి మీద వేళ్ళు కదులుతున్నాయి. పెదాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు.

జనంలో హోరు లేచింది. తల తిప్పి చూస్తే మావారు ఒకణ్ణి ముట్టుకుని వెనుదిరిగారు, ఇంకొకడు చీలమండ దొరకబుచ్చుకున్నాడు. మావారు నేల మీద పడ్డారు. పడి కూడా కూత వదల్లేదు. కాలికి వేలాడుతున్నవాణ్ణి ఈడ్చుకుంటూ మోచేతుల మీద గీతవైపు పాకుతున్నారు. నిజంగా పాములాగే ఉంది. కబడ్డీ. వంపు దగ్గర బరువు, జారు. కబడ్డీ. చెయ్యి చాచారు. గీతకి జానెడు దూరం. కబడ్డీ...

"కబడ్డీ."

నా పక్కనుంచి వచ్చింది. నేనెప్పుడూ వినని గొంతు. బరువుగా, నిండుగా, మైదానం అవతలి గోడకి తగిలి తిరిగి వచ్చేటంత గట్టిగా. అది రోగి గొంతు కాదు.

మావారి పెదాలు బిగుసుకున్నాయి. మ్మ్. ఒక్క క్షణం. ఈల పడింది. ఆ తర్వాత వేళ్ళు గీతకి తగిలాయి.

రేపల్లెవాళ్ళు గంతులు వేశారు. మా ఊరివాళ్ళు ఒక్కరూ కదల్లేదు. ఎవరి గొంతో అందరికీ తెలుసు. అయినా ఒక్కరూ ఇటు తిరిగి చూడలేదు. ఆ ఊరి మర్యాద అప్పుడు నాకు అర్థమైంది. మామయ్యగారు కుర్చీలో సగం లేచి, అలాగే ఉండిపోయారు. నేను చెయ్యి పట్టి కూచోబెట్టాను. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు.

కాసేపటికి మావారు ఒంటినిండా మట్టితో వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూచున్నారు. మోచేతులు చీరుకుపోయి రక్తం కారుతోంది. నేను కొంగు తడిపి తుడుస్తున్నాను. మైకులో జిల్లా జట్టుకి ఎంచుకున్నవాళ్ళ పేర్లు చదువుతున్నారు. మా సామ్యేలు పేరు వినబడింది. మావారి పేరు లేదు.

"నేనేరా" అన్నారు మామయ్యగారు.

"తెలుసు నాన్నా."

"అనొద్దని అందరికీ చెప్పింది నేనే. ఎట్లా వచ్చిందో నాకు తెలియదు."

మావారు నేల మీద గరిక పీకుతూ, తల ఎత్తకుండా చెప్పారు. "ఇంకెవరన్నా ఆగేవాణ్ణి కాదు. నీ గొంతని తెలిసి మూశాను."

మామయ్యగారు మట్టి కొట్టుకున్న ఆ తల మీద చెయ్యి పెట్టారు. పెట్టి, తీయడం మర్చిపోయినట్టు, బండి వచ్చేదాకా అలాగే ఉంచారు.

దీపాలు పెట్టేవేళకి ఇంటికి చేరాం. అత్తయ్యగారు వాకిట్లో నిలబడి ఎదురుచూస్తున్నారు. మావారి మోచేతులు చూసి, నా ముఖం చూసి, గెలిచారా అని అడగలేదు. మామయ్యగారిని పట్టుకుని మంచం మీద కూచోబెట్టాం. దిండ్లు సర్దాను. ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నారు. అత్తయ్యగారు లోపలికి వెళ్ళబోతుంటే పిలిచారు.

"మాణిక్యం. నేను అరిచానే."

"ఏంటీ?"

"అరిచాను. మైదానం అవతలి దాకా వినబడింది. కావాలంటే అమ్మాయిని అడుగు."

అత్తయ్యగారు నావైపు తిరిగారు. మరచెంబు పట్టుకుని నేను నేరం చేసినదానిలా నిలబడ్డాను. అవునండీ అత్తయ్యగారూ, చాలా గట్టిగా అరిచారు అన్నాను.

"డాక్టరు గట్టిగా మాట్లాడొద్దన్నాడు కదండీ."

"మాట్లాడలేదే. కూశాను."

నేను గేదెవైపు చూశాను. ఈసారి కోపం దానిమీదికి కూడా పోలేదు. అత్తయ్యగారు వచ్చి మంచం పట్టె మీద కూచున్నారు. కొడుకు ముందు, కోడలి ముందు ఆమె అలా కూచోవడం నేను అంతకుముందు చూడలేదు. ఆయన వీపు మీద చెయ్యి వేసి, మెల్లగా పైనుంచి కిందికి రాస్తూ, పుట్టినప్పటి నుంచీ ఆ ఆట తెలిసినదానిలా అడిగారు.

"ఎక్కడ తెగింది?"

మామయ్యగారు కళ్ళు మూసుకుని నవ్వారు.

"వాడిది తెగింది" అన్నారు. ఆగి, గాలి తీసుకుని, "నాది తెగలేదు" అన్నారు.